మెడ వంగదు

చింతామణి సంతలో ఎద్దును కొనేవాడు ధర అడగకముందే దాని నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. ఎద్దుకు పళ్ళు వయసు చెబుతాయి. మనిషికి అట్లా కాదు గానీ, బాగేపల్లి చుట్టుపక్కల మాత్రం మనిషి పళ్ళు ఊరు చెబుతాయి. నవ్వినప్పుడు ముందుపళ్ళ మీద అడ్డంగా సన్నటి పసుపు గీతలు కనబడితే అతనిది రోడ్డు పక్క ఊరు. ఆ గీతలు ముదిరి గోధుమరంగు గారలయితే ఇంకా లోపలి ఊరు, గుట్టల నడుమది, బోరు చాలా లోతుకు దిగిన ఊరు. ఇది చదివి తెలుసుకున్న సంగతి కాదు. చదివినవి చాలా ఉన్నాయి, వాటిలో అక్కరకు వచ్చినవి తక్కువ. ఇది బస్టాండు అరుగుల మీద కూర్చుని నేర్చుకున్నది.

ఆంజనేయప్ప పళ్ళు మాత్రం నేను చాలా రోజులు చూడలేదు. ఆయన నవ్వేవాడు కాదు.

మొదటిసారి ఆయన్ను చూసింది పేరేసంద్రలో. కర్ణాటకలో కోలారును రెండుగా చీల్చి చిక్కబళ్ళాపురాన్ని కొత్త జిల్లా చేసిన ఏడాది అది, రెండువేల ఏడు. ఆ సంబరంలో ఊరూరా ఏదో ఒక పందెం పెట్టారు. పేరేసంద్రలో హైవే పక్కన చేనొకటి చదును చేసి, నీళ్ళు చల్లి, సున్నపు గీతలు గీసి కబడ్డీ ఆడిస్తున్నారు. బాగేపల్లి బస్సు కోసం నిలబడ్డవాణ్ణి, బస్సు వచ్చినా ఎక్కలేదు. నాకు తెలిసిన మంచి సంగతులన్నీ అట్లా ఎక్కకుండా వదిలేసిన బస్సుల పుణ్యమే.

ఏడుగురు ఆడే ఆట అది. జనం మాత్రం ఒక్కడి కోసమే చూస్తున్నారని నిలబడిన కాసేపటికే తెలిసిపోయింది. దిన్నెమీదపల్లి జట్టులో మిగతావాళ్ళంతా పాతికలోపు కుర్రాళ్ళు. వాళ్ళ మధ్య నలభైకి దగ్గరపడిన ఈ మనిషి, కంచెకు పాతిన రాయిలా నిలువుగా ఉన్నాడు. కూతకు పోయేవాడు ఎవడైనా నడుం వంచి, మోకాళ్ళు వంచి, పిల్లి ఎలుక మీదికి పోయినట్టు పోతాడు. ఈయన తన చేనిగట్టు చూసుకోవడానికి పోతున్నట్టు పోయాడు. మెడ నిటారు. చూపు ఎదుటివాళ్ళ తలల మీదుగా ఎక్కడో. నోట్లో కూత మాత్రం తెగకుండా, దూరంగా ఎవరి తోటలోనో మోటరు ఆడుతున్నట్టు, ఒకే శ్రుతిలో వినిపిస్తోంది.

కూత గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. మనకు కోడిదీ కూతే, రైలుదీ కూతే, కబడ్డీ ఆడేవాడిదీ కూతే. కోడి కూత ఆగినా తెల్లారుతుంది. రైలు కూత ఆగినా రైలు పోతూనే ఉంటుంది. ఈ మూడో కూత ఆగితే మాత్రం మనిషి ఔటు. మళ్ళీ గాలి పీల్చకుండా, అదే దమ్ములో ఎదుటి గడిలోకి పోయి, ఒకణ్ణయినా తాకి, నడిమి గీత దాటి వెనక్కి రావాలి. పట్టుబడితే ఆ కూత ఆగేదాకా మీద పడి అదిమిపెడతారు. దమ్ము అంటే ఈ సీమలో ఊపిరీ అదే, ధైర్యమూ అదే. రెండింటికీ ఒకే మాట పెట్టుకున్నవాళ్ళు, ఒకటి ఉండి ఇంకొకటి పోతుందని ఎన్నడూ అనుకోలేదేమో.

ఆ రోజు ఆయన పొడుగు కాలు వెనక్కి విసిరి ఇద్దరిని తాకి, పరుగైనా తీయకుండా తిరిగొచ్చాడు. జట్టు గెలిచింది. బహుమతి ఇవ్వడానికి ఒక నాయకుడు వచ్చాడు, పొట్టివాడు. పూలదండ పట్టుకుని ఎదుట నిలబడ్డాడు. దండ వేయించుకునేవాడు తల వంచడం మర్యాద. ఆంజనేయప్ప వంచలేదు. నాయకుడు చేతులెత్తి కాచుకున్నాడు. ఆంజనేయప్ప చూపు మైకుసెట్టు మీదనే ఉంది. చివరికి నాయకుడు కుర్చీ తెప్పించుకుని, దాని మీదికెక్కి దండ వేశాడు. జనం ఈలలు వేశారు.

నా పక్కనున్న లావుపాటి మనిషి నా మోచేయి పట్టుకుని అన్నాడు, "చూస్తివా పెద్దప్పా. మా ఆంజనేయప్పకు మెడ వంగదు. నాయకుడైనా అంతే, దేవుడైనా అంతే."

"దేవుడి ముందర కూడానా?"

"గుళ్ళో నిలబడే మొక్కుతాడు. తీర్థం గూడా పూజారే ఎత్తి నోట్లో పొయ్యాల."

ఆయన పేరు గోవిందప్ప. ఊరు దిన్నెమీదపల్లే. బాగేపల్లి బస్టాండు పక్కన ఇడ్లీ, టీ హోటలు. జట్టుకు తిండీ ఆయనదే, బండీ ఆయనదే, తిట్లూ ఆయనవే. ఆ సాయంత్రం నన్ను తన టెంపోలో ఎక్కించుకున్నాడు. ఎక్కడికి పోవాలని అడగలేదు, నేను చెప్పలేదు. తర్వాత కొంతకాలం ఆయన హోటలు అటక మీదే నా పడక.

ఆ హోటల్లో పొద్దస్తమానం ఒకటే పంచాయితీ. చింతామణిలో కొత్త జిల్లా కప్పు ఫైనలు ఉంది, చింతామణి జట్టుతో. ఆంజనేయప్ప ఇంకా జట్టును మోయగలడా, లేదా? టమాటా వ్యాపారం చేసే ఈరప్ప చింతామణివాడు. లారీ ఆపినప్పుడల్లా టీ తాగి, డబ్బుతో పాటు ఒక పుల్ల కూడా పెట్టి పోయేవాడు.

"నలబై ఏండ్ల ఎద్దును కట్టి సేద్యం చేస్తాండారు. మడకకు పాపం తగులుతాది గోవిందప్పా."

"నువ్వు నీ టమాటాలు చూసుకో. ఒగ ఎండకే మెత్తబడే సరుకు నీది."

"అమరనాథ్ ఉండాడు గదా. పడుచోడు. వాణ్ణి ముందర పంపీరాదా?"

అమరనాథ్ అక్కడే బెంచీ మీద ఉన్నాడు. జట్టులో ఆంజనేయప్ప తర్వాతి కూతగాడు, చిరుతలాంటి కుర్రాడు. తల ఎత్తకుండా అన్నాడు, "అన్న ఉన్నంతవరకు అన్నే. నేను మట్టి పెట్టేవాణ్ణి."

ఆ మట్టి సంగతి నేనూ చూశాను. కూతకు పోయేముందు ఎవడైనా వంగి నేల తాకి, ఆ మట్టి నుదుట పెట్టుకుంటాడు. ఆంజనేయప్ప వంగడు. అమరనాథ్ చిటికెడు మట్టి తీసి ఆయన నుదుట పెడతాడు. రాజుకు తిలకం దిద్దినట్టు ఉండేది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలు కూడా ఆడుకునేటప్పుడు అట్లాగే మెడలు బిగబట్టి, ఒకరితో ఒకరు మట్టి పెట్టించుకోవడం చూశాను.

"మొన్న ఏమైనాదో తెలుసునా?" అని గోవిందప్ప మొదలుపెట్టాడు. "ఆరోగ్య ఇలాఖె నుంచి మంజుశ్రీ అని ఒగ నర్సమ్మ మా ఊరికి వచ్చినాది. శాలెలో పిల్లోళ్ళను వరసగా నిలబెట్టి, గడ్డం గుండెకు ఆనించండి, గొంతుక్కూర్చోని లేయండి అని ఆడిస్తాండాది. మేమంతా గోడకాడ నిలబడి నగుతాంటిమి. ఆయమ్మ మా ఆయప్పను చూసి, అన్నా, మీరూ ఒగసారి తల వంచండి అనె. మా ఆయప్ప ఏమన్నాడో తెలుసునా? 'నేను ఎవురికీ తల వంచనమ్మా' అనె. ఊరంతా చప్పట్లు. ఆయమ్మ మొగం ఇంత చేసుకోని పోయె."

ఈరప్ప కూడా నవ్వాడు. ఆ నవ్వులో అందరి పళ్ళూ కనిపించాయి.

ఫైనలుకు రెండు రోజుల ముందు గోవిందప్ప నన్ను ఊరికి తీసుకుపోయాడు. ఊరి మొదట్లో చేతిపంపు. దానికి ఎర్రరంగు పూసి ఉంది. ఆ ఎరుపు మీద పసుపు, కుంకుమ బొట్లు, పిడికి ఎండిన చామంతి దండ.

"సర్కారోళ్ళు పూసిపోయినారు," అన్నాడు గోవిందప్ప. "పక్కూరికి పుయ్యలే, మనకే. ఆ దినమే ఆడోళ్ళు టెంకాయ కొట్టినారు. ఎర్రగా అమ్మవారి మాదిరి ఉండాది గదా."

వేరే తాలూకాల్లో ఇట్లాంటి పంపులు చూసినవాణ్ణి నేను. "ఈ నీళ్ళు తాగొద్దని గుర్తు అది, గోవిందప్పా."

"ఎవురో అట్లే చెప్పినారు." ఆయన పంపు కొట్టి, దోసిట పట్టి తాగి, మీసం తుడుచుకున్నాడు. "ఇది తాగకుంటే ఏం తాగాల పెద్దప్పా? చిత్రావతి ఏటికి పోయి ఇసుక బుక్కల్నా? మా తాతల బావులు ఎండినాయి, మా నాయనోళ్ళ బోర్లు ఎండినాయి. ఇది పాతాళంలో నుంచి వస్తాండే గంగ. ఈ నీళ్ళు తాగే గదా మా ఆయప్పకు ఆ ఎముక వచ్చినాది."

ఎముక అంటే ఆయన ఉద్దేశం బలం. నేనూ అట్లాగే విన్నాను.

ఆంజనేయప్ప ఇల్లు ఊరి చివర, మల్బరీ చేను అంచున. ఆయన భార్య లక్ష్మీదేవమ్మ సంగటి, ఉలవచారు పెట్టింది. మాకు నేల మీద విస్తళ్ళు. ఆయనకు మాత్రం బోర్లించిన గంప మీద పీట, పీట మీద పళ్ళెం, దాదాపు గుండెల ఎత్తున. పెద్ద ఆటగాడి మర్యాద అనుకున్నాను. మధ్యమధ్య చెంబు చెంబుల నీళ్ళు తాగాడు. తిని లేచినప్పుడు ఆమె చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి, బొటనవేలు పట్టుకుని పట్టెలోకి దూర్చింది. పతిభక్తి అనుకున్నాను. కళ్ళకు ఎదురుగా ఉన్నదానికి తప్పుడు పేరు పెట్టడంలో చదువుకున్నవాళ్ళం ఎవరికీ తీసిపోము.

మగవాళ్ళు ఇద్దరూ పట్టుపురుగుల కొట్టం వైపు పోయారు. ఆమె గిన్నెలు తీస్తూ అడిగింది, "పెద్దప్పా, నువ్వు ఈ ఊరికి మళ్ళా వస్తావా?"

"ఏమోనమ్మా. చెప్పలేను."

"రావులే. నిన్ను చూస్తేనే తెలుస్తాది. అందుకే చెప్తాండా." గుమ్మం వైపు ఒకసారి చూసింది. "ఊళ్ళో ఎవురికీ చెప్పనని ఒట్టేయించుకున్నాడు. నువ్వు ఊరోడివి కాదు గదా."

ఆమె గొంతు తగ్గించింది. "ఆయప్ప మెడ వంచక కాదు. వంగదు."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆ నర్సమ్మ వచ్చిన దినం ఇంటికొచ్చి తలుపేసుకున్నాడు. వెనకాల నిలబడి నా తల ముందుకు తొయ్యి అన్నాడు. తోసినా. రోలును తోసినట్టు ఉండె. ఇంకా గట్టిగా తొయ్యి అంటాడు. నా చేతులకే భయమైనాది పెద్దప్పా. ఆ నర్సమ్మే నాకు చాటుగా చెప్పినాది, బెంగుళూరికి పిల్చుకోని పో అని. పోతిమి. పెద్దాసుపత్రిలో ఫోటో తీసినారు. మెడ ఎముకలన్నీ ఒగదానికొగటి అతుక్కోని ఒగే కట్టె అయినాయంట. వీపూ అదే దారిలో ఉండాదంట. నడిమిలో నరం పోయే సందు ఉంటాది గదా, అది బావి పూడినట్టు పూడిపోతాందంట. మెడ మీద ఎవురైనా గట్టిగా పడితే చాలు, కాళ్ళూ చేతులూ రెండూ పోతాయంట. బతికినన్ని దినాలూ మంచమే."

"ఎందుకు వచ్చిందని చెప్పారా?"

"నీళ్ళు," అంది. కడవ వైపు చూపలేదు. చూపాల్సిన అవసరం లేదు.

"మరి ఆట మానుకొమ్మని నువ్వు చెప్పలేదా అమ్మా?"

"చెప్పకుండా ఉంటానా? 'ఆడనంటే ఎందుకని అడుగుతారు' అనె. అడిగితే చెప్పు అంటి. 'చెప్తే వాళ్ళు వాళ్ళ మెడలు చూసుకుంటారు' అనె. చూసుకోనీ అంటి. 'చూసుకోని ఏం చేస్తారు? మళ్ళా ఇవే నీళ్ళు గదా' అనె." ఆమె కడిగిన గిన్నె బోర్లించింది. "తలమీద చెయ్యి పెట్టి ఒట్టేయమన్నాడు. వంగలేడు గదా. నేనే రోలెక్కి పెట్టినా."

ఆ మాటకు తనకే నవ్వు వచ్చింది. నవ్వు మధ్యలోనే పోయింది. "ఎల్లుండి వాళ్ళు ఆయప్ప మీద పడతారు. అది ఆటే గదా. పడకుంటే ఆటెట్లయితాది?"

ఆ ఊరి బయట చేనిగట్టు మీద ఒక వీరగల్లు ఉంది. ఈ ప్రాంతమంతా అవి ఎక్కువ. ఎప్పుడో ఆవుల మంద కోసమో, ఊరి సరిహద్దు కోసమో చచ్చిన మనిషి బొమ్మ, కత్తి పట్టుకుని, మెడ నిక్కించి. రాయి మీద గడ్డిమోపు దించి అలుపు తీర్చుకునే వాళ్ళే తప్ప పేరు తెలిసినవాళ్ళు లేరు. ఆ సాయంత్రం దాని పక్కన చాలాసేపు కూర్చున్నాను. చావుకు ఎదురుపోయినవాళ్ళు తల వంచలేదని అంటాం. వాళ్ళను ఎవరైనా అడిగారా, వంచడానికి వీలుందా అని?

ఫైనలు రోజు పొద్దున టెంపోలో జట్టు, గోవిందప్ప, నేను. కదిలేముందు లక్ష్మీదేవమ్మ వచ్చి ఎక్కింది. ఆ ఊరి ఆడవాళ్ళు కబడ్డీకి రారు. గోవిందప్ప ఆమె ముఖం చూసి, జరిగి చోటిచ్చాడు. బండి మధ్యలో పెద్ద నీళ్ళ క్యాను. ఏ ఊరికి ఆడటానికి పోయినా తమ పంపు నీళ్ళే తీసుకుపోవడం ఆ జట్టు ఆచారం. పరాయి నీళ్ళు తాగితే దమ్ము తెగుతుందని వాళ్ళ నమ్మకం.

చేలూరు దాటి మురుగమల్ల రాగానే ఆమె బండి ఆపమంది. దర్గాలోకి పోయి చక్కెర చదివించుకుని వచ్చి అందరి చేతుల్లో పెట్టింది.

"గెలవాలని మొక్కుకున్నావా అమ్మా?" అని గోవిందప్ప అడిగాడు.

"గెలవాలని కాదు," అంది.

"ఇంకేమని?"

"నడిచి రావాలని." అందరూ నవ్వారు. గెలిస్తే భుజాల మీద మోసుకొస్తాం గానీ నడవనిస్తామా అని ఎవరో అన్నారు. ఆంజనేయప్ప నవ్వలేదు. చక్కెర నోట్లో వేసుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

చింతామణి మైదానం మధ్యాహ్నానికే నిండిపోయింది. ఈరప్ప గీత పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "ఏమప్పా గోవిందప్పా, ముసలెద్దును టెంపోలో తెచ్చినావా? నడిపించుకోని వస్తే అరుగుతాది గదా."

"సాయంత్రం నిన్ను నడిపిస్తాలే."

ఆట మొదలైంది. చింతామణివాళ్ళు ఊరికే రాలేదని మొదటి కూతలోనే తెలిసింది. వాళ్ళలో ఒక గిడ్డవాడు, మూలన నేలకు అంటుకుని కూర్చున్నట్టు ఉన్నాడు. ఆంజనేయప్ప కిందికి చూడడని వాళ్ళు కనిపెట్టారు. ఎందుకు చూడడో వాళ్ళకు అక్కర్లేదు. కూతకు పోయినప్పుడు ఆ గిడ్డవాడు తేలులా పాకి వచ్చి మడమ పట్టాడు. ఆంజనేయప్ప కూలాడు. ముగ్గురు మీద పడ్డారు.

లక్ష్మీదేవమ్మ లేచి నిలబడింది. నేను ఆ గుట్టలో ఆయన కాళ్ళ కోసం వెతికాను. పాదం ఒకటి కదిలింది. తర్వాత రెండోది. ఆయన లేచి, భుజం మీద మట్టి దులుపుకోకుండా బయటికి వచ్చాడు. భుజం మీద పడ్డాడు. అదృష్టం. ఆ తర్వాత ఆయన లోపలికి పోయిన ప్రతిసారీ ఆమె లేచేది, వచ్చాక కూర్చునేది. ఆ మైదానంలో అంతమంది ఆట చూస్తున్నారు. మేమిద్దరం మెడ చూస్తున్నాం.

అమరనాథ్ బాగా ఆడాడు. వాడి వల్లనే జట్టు వెనకబడలేదు. చివరి నిమిషం వచ్చేసరికి రెండు జట్లకూ సమానం. మిగిలింది ఒకే కూత, అదీ దిన్నెమీదపల్లిది. అమరనాథ్ అంతకుముందే పట్టుబడి బయట కూర్చున్నాడు. పోవాల్సింది ఆంజనేయప్ప. ఒక్కణ్ణి తాకి వస్తే కప్పు. పట్టుబడితే లేదు.

అమరనాథ్ బయటినుంచే పరుగెత్తి వచ్చి మట్టి తీసి ఆయన నుదుట పెట్టాడు.

అప్పుడు లక్ష్మీదేవమ్మ జనాన్ని తోసుకుని గీత దగ్గరికి వచ్చింది. ఒట్టు తీసి గట్టున పెట్టింది. "పంపించొద్దు," అని అరిచింది. "ఆయప్పను పంపించొద్దు. ఆయప్పకు మెడ వంగదు."

వెనకనుంచి ఎవడో కేక వేశాడు, "అద్దీ మాట. మెడ వంగదు." ఇంకొకడు అందుకున్నాడు. ఈలలు. తర్వాత బాగేపల్లి వైపు జనమంతా, చప్పట్లు కొడుతూ, తాళం వేస్తూ, "మెడ వంగదు, మెడ వంగదు."

"అది కాదు," అంటోంది ఆమె. "నిజంగా వంగదు. డాక్టరు చెప్పినాడు, వంగదు." ఆమె వంగదు అన్నకొద్దీ వాళ్ళు ఇంకా గట్టిగా వంగదు అన్నారు. గోవిందప్ప కళ్ళల్లో నీళ్ళు. పెళ్ళాం అంటే ఇట్లుండాల అని నాతో అన్నాడు. ఈరప్ప కూడా ఊగిపోయి చప్పట్లు కొడుతున్నాడు. నేను గోవిందప్ప భుజం పట్టుకుని ఏదో చెప్పాను. నా మాట నాకే వినిపించలేదు. ఇన్ని ఊళ్ళు తిరిగాను, జాతరలు చూశాను, అల్లర్లు చూశాను. ఒక మనిషిని చంపగలిగేటంత ప్రేమ అన్ని గొంతుల్లో ఒకేసారి వినడం అదొక్కసారే.

ఆంజనేయప్ప భార్య వైపు తిరిగాడు. తల తిప్పలేడు కాబట్టి మొత్తం మనిషి, బండి తిరిగినట్టు, తిరిగాడు. ఆమెను చూశాడు. మళ్ళీ మొత్తంగా అటు తిరిగి, గీత దాటాడు.

కూత మొదలైంది. అదే మోటరు, అదే శ్రుతి. అంత గోలలోనూ నాకు వినబడింది. ఆయన లోపలికి, ఇంకా లోపలికి పోయాడు. కాలు విసిరాడు, అందలేదు. గిడ్డవాడు కుడివైపునుంచి పాకుతున్నాడు. మిగిలినవాళ్ళు చేతులు కలుపుకుని ఆయనకూ నడిమి గీతకూ మధ్య గొలుసులా మూసుకున్నారు. వాళ్ళ మోకాళ్ళు దూకడానికి ముడుచుకోవడం చూశాను.

కూత ఆగింది.

దమ్ము చాలక తెగిన కూత వేరుగా ఉంటుంది, చివర ఎగశ్వాస వినిపిస్తుంది. ఇది అట్లా తెగలేదు. స్విచ్చు తీసినట్టు ఆగింది. రెఫరీ ఈల వేశాడు. గాలిలోకి లేచిన ఒకడు తమాయించుకోలేక ఆయన భుజం మీద చేయి వేసి, ఆట అయిపోయిందని తెలిసి తీసేశాడు. ఆంజనేయప్ప వాళ్ళ మధ్యనుంచి నడిచి బయటికి వచ్చాడు.

చింతామణి గెలిచింది. మనవాళ్ళ వైపునుంచి ఒక చెప్పు వచ్చి గీత దగ్గర పడింది. "దమ్ము అయిపోయినోడు ఎందుకు రావాల?" అని ఎవడో అన్నాడు. అప్పటిదాకా మెడ వంగదు అన్న గొంతే అది. ఈరప్ప కుర్చీ మడుస్తూ, "చెప్తి గదా, ఎద్దు ముసలిదని," అన్నాడు. కానీ ఆ మాటలో ముందటి కారం లేదు.

టెంపోలో తిరుగుదారి పట్టాం. పొద్దు వాలుతోంది. మురుగమల్ల దాటాక గోవిందప్ప గొంతు సవరించుకున్నాడు. పెద్దమనసున్న మనిషి, ఓడినవాడికి ఒక చాప పరిచాడు. "పోనీలే ఆంజనేయప్పా. ఊపిరి పట్టలే, అంతే గదా. వయసు. ఎవురికైనా వస్తాది. వచ్చే ఏడు అమరనాథ్ చూసుకుంటాడు."

దాని మీద కూర్చుంటే చాలు. అందరూ అదే నమ్మేవాళ్ళు.

"ఊపిరి ఉండె," అన్నాడు ఆంజనేయప్ప.

"మరి?"

"నేనే ఆపినా."

బండి గతుకులో పడి లేచింది. "ఎందుకప్పా?"

"భయమైనాది."

ఆ మాట ఆయన నోట ఆ బండిలో ఎవరూ విని ఎరగరు. అమరనాథ్ తల తిప్పి చూశాడు.

"మీద పడతారని భయమైనాది," అన్నాడు ఆంజనేయప్ప. "మెడ విరిగితే మంచమే అని డాక్టరు చెప్పినాడు. ఇందాక ఈయమ్మ చెప్తే మీరు చప్పట్లు కొడితిరి. నా మెడ వంగదు గోవిందప్పా."

గోవిందప్ప నవ్వబోయాడు. "అది తెలిసిందే గదప్పా, మన..."

"నీది వంచు."

"ఏమి?"

"గడ్డం గుండెకు ఆనించు. ఆ నర్సమ్మ చెప్పినట్టు. వంచు."

గోవిందప్ప అందరి వైపూ చూసి, ఇదేం ఆట అన్నట్టు చేతులు తిప్పి, తల వంచాడు. కొంచెం వంగింది. తర్వాత ఆగింది. ఆయన ఇంకా ప్రయత్నం చేశాడు. భుజాలు ముందుకు వచ్చాయి, నడుం వంగింది, కణతల మీద నరాలు లేచాయి. గడ్డానికీ గుండెకూ మధ్య బెత్తెడు ఖాళీ అట్లాగే ఉంది. "లావు," అన్నాడు. "పొట్ట అడ్డం వస్తాండాది." ఎవరూ నవ్వలేదు. పొట్ట అక్కడ లేదు.

లక్ష్మీదేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎవరూ చెప్పకుండానే ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. ఎదురు బెంచీ మీద ఇద్దరు, తర్వాత మూలన ఉన్నవాడు. కొందరిది ఆనింది, మళ్ళీ నిజంగా ఆనిందా అని చేత్తో తడిమి చూసుకున్నారు. కొందరిది ఆనలేదు. అమరనాథ్ అందరికంటే చివర వంచాడు. గడ్డం కింద తన వేళ్ళు అడ్డంగా పెట్టుకున్నాడు. రెండు వేళ్ళు పట్టాయి. ఆ వేళ్ళు తీయకుండా అట్లాగే కూర్చున్నాడు. డ్రైవరు అద్దంలో మమ్మల్ని చూస్తూ బండి నెమ్మది చేసి, ఒక చేయి స్టీరింగు మీద ఉంచి, తనూ తల వంచి చూసుకున్నాడు.

"ఇంటికి పోయినాక పిల్లోళ్ళది చూడాల," అని చీకట్లో ఎవరో అన్నారు.

బండి మధ్యలో క్యాను, సగానికి పైగా నీళ్ళతో, గతుకులకు కొట్టుకుంటోంది. పొద్దుటినుంచి ఆడినవాళ్ళు, అందరికీ దాహం. అందరూ దాన్నే చూస్తున్నారు. చాలాసేపటికి గోవిందప్ప మూత తీశాడు. చెంబు ముంచి, పట్టుకుని, తాగకుండా, పారబోయకుండా అట్లాగే ఉన్నాడు. బండిలో ఇంకో ఊరి నీళ్ళు లేవు.

నేను కిటికీ వైపు తిరిగి, వాళ్ళకు కనబడకుండా తల వంచాను. నా గడ్డం గుండెకు సులువుగా ఆనింది. ఎవరైనా చూస్తారేమోనని వెంటనే మెడ ఎత్తి, మిగతా దారంతా వాళ్ళలాగే నిటారుగా కూర్చున్నాను.